గుండుసూదిని పట్టే చెయ్యి

మా మామగారు దర్జీ. మనిషి ఒట్టి మొండిఘటం, చెయ్యి మాత్రం మహా తెలివైనది. కుట్టిన బట్టను ఇచ్చేముందు తిరగేసి, కళ్లు మూసుకుని, లోపలంతా అరచేత్తో నిమిరేవారు. ఎక్కడ గుండుసూది మిగిలినా ఆ చేతికి చిక్కాల్సిందే. ఆ ఒక్క పనీ కోడలినైన నాకు కూడా అప్పగించలేదు. పక్క మిషను మీద కుడుతూ పదకొండేళ్లు చూసినా, ప్రతిసారీ నోరు తెరుచుకునే చూసేదాన్ని.

ఆరోజు పసిపాప గౌను, తెల్లది. ఆయన నిమిరి, శుభ్రంగా ఉంది, మడత పెట్టమన్నారు. అందుకుంటే లోపలి బట్ట మీద వరసగా ఎర్ర చుక్కలు. ముందు నా వేళ్లు చూసుకున్నాను. తర్వాత ఆయన చెయ్యి తిప్పి చూస్తే, బొటనవేలి కింద కండలో గుండుసూది సగం దాకా దిగి ఉంది. ఆయనకు తెలియనే తెలియదు.

సూదులతో బతికేవాడికి ఒక్క సూదికే ఆస్పత్రా అని ఆయన. పద్నాలుగేళ్ల షుగరు, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని నేను. పోట్లాడి లాక్కెళ్లాను.

నర్సమ్మ గాయం కడిగి కట్టు కట్టింది. షుగరున్నవాళ్లు పాదాలైనా చూసుకుంటారు గానీ చేతుల సంగతి ఎవరికీ పట్టదని విసుక్కుంది. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు వేళ్లకు ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు అయ్యాయి. ఆయన పలకలేదు.

ఉన్నట్టుండి "ఆ, తగిలింది" అన్నారు ధీమాగా. అప్పటికి పోగు ఆమె ఒళ్లో ఉంది.

కళ్లు తెరిచి మా మొహాలు చూడగానే ఆయనకు అర్థమైపోయింది. స్పర్శ తగ్గింది, ఇక కళ్లతోనే కనిపెట్టుకోవాలంది నర్సమ్మ. రోజూ అరచేతులు, వేళ్ల సందులు చూసుకోవాలి. నీళ్ల వేడి ఇంకొకరు చూసిపెట్టాలి. చిన్న గీత పడినా ఆరోజే రావాలి. ఆ సూది అలాగే ఉండి చీము పట్టుంటే చేతికే ముప్పు వచ్చేదంది.

ఇంటికి తిరిగొచ్చాం. నేను సాయంత్రానికి ఇంకో గౌను కుట్టేసరికి, ఆయన దీపం దగ్గరికి లాక్కుని రెండు చేతులూ వెలుగులో పెట్టారు. తిప్పి, వేళ్లు విడదీసి, ఖరీదైన బట్టను చూసినట్టు అంగుళం అంగుళం చూసుకున్నారు. ఎవరి మాటా వినని ఆ మనిషి తన చేతుల ముందు అలా తల వంచుకుని కూర్చుంటే, నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత గౌను తిరగేసి నా వైపు జరిపారు.

"నువ్వు నిమురమ్మా. గుచ్చుకుంటే నీకు తెలుస్తుంది."