సర్కారు రాయి

నఈమా తెల్లవారుజామున పోయింది. మధ్యాహ్నం నమాజు కాగానే మట్టిలో పెట్టాలి, అది అక్కడి ఆనవాయితీ. ఏడుపులు తర్వాత, ముందు గొయ్యి ఎక్కడన్నది తేలాలి. మొగుడు మహ్రూస్‌కి ఆ ఒక్కటే తేలడం లేదు.

పోయేముందు ఆవిడ అడిగిందీ అదే. "నన్ను పిల్లాడి పక్కన పెట్టు. ఇంకేం వద్దు." పిల్లాడంటే సాబిర్, వాళ్ళకి పుట్టి నలభై రోజులు కూడా బతకనివాడు. ఖబరస్తాన్‌లో చివరి వరస, చివరి ఖబర్ వాడిదే. వాడి పక్కన మూరెడు జాగా, ఆపైన సర్కారు రాయి.

సున్నం కొట్టిన సిమెంటు హద్దురాయి. దానవతల పాత పట్నం. పట్నం అంటే ఏముంది నా మొహం! మోకాలెత్తు మట్టిగోడలు, ఇసుక, కుండపెంకులు. మూడువేల ఏళ్ళ కిందట ఒక రాజు సూర్యుడే దేవుడని ఎడారిలో కట్టించాడు. పట్టుమని ఇరవై ఏళ్ళు కాపురముండకుండానే జనం తలుపులు, దూలాలు పీక్కుని వెళ్ళిపోయారు. మహ్రూస్, నఈమాల కాపురం ఇరవై ఆరేళ్ళు. పట్నం కంటే పెళ్ళే గట్టిదన్నమాట. అయినా కావలి పట్నానికే. ఆ కావలివాడు మహ్రూసే. అంతకుముందు తండ్రి, ఆపైన తాత.

రాయి దాటి పార దించితే కేసు. ఆ మాట ఊరికి చెప్పి చెప్పి నోరరిగిపోయినవాడు ఇతనే. నాలుగేళ్ళ కిందట గరీబ్ తల్లి పోతే ఖబరస్తాన్‌లో జాగా లేక వాళ్ళు రాయి దాటి రెండడుగులు తవ్వారు. మహ్రూస్ పరుగెత్తుకెళ్ళి ఆ గొయ్యిలోకే దూకి నిలబడ్డాడు.

"సర్కారు రాయిరా గరీబ్! పదిమంది పట్టినా కదలదు. కావాలంటే ముందు నన్ను పూడ్చి, నామీద మీ అమ్మని పెట్టుకో!"

గరీబ్ అంటే ఎవరో పరాయివాడు కాదు, చిన్నప్పటినుంచీ ఒకే పళ్ళెంలో తిన్నవాడు. తల్లిని మోసుకెళ్ళి కొండ కింద వాగు పక్కన పెట్టుకున్నాడు. మరుసటేడు ఎన్నడూ లేని వాన పడి వాగు పొంగింది. పొద్దున చూస్తే ఖబరూ లేదు, అందులో మనిషీ లేదు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఊరి మగవాళ్ళంతా ఖబరస్తాన్‌లోనే ఉన్నారు. నఈమాని మోసుకొచ్చిన జనాజా నేలమీద దించి ఉంది. గోతులు తవ్వే ముసలి తోల్బా పార ఆనించుకుని నిలబడ్డాడు.

"ఎక్కడ తవ్వమంటావు నాయనా?"

"సాబిర్ పక్కన, బాబాయ్."

"ఉన్నది మూరెడు. నీ పెళ్ళాన్ని నిలువునా దించమంటావా?"

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. చావు ముందర నవ్వేమిట్రా అని ఎవరూ మందలించలేదు. ఈ గుంపులో మహ్రూస్ అడ్డుకోని ఇల్లు ఒక్కటీ లేదు మరి.

మహ్రూస్ రాయి ముందు గొంతుకూర్చుని రెండు చేతులా ఇసుక తోడడం మొదలుపెట్టాడు. అందరికీ అర్థమైంది, ఎవరూ కదల్లేదు. మొదలు బయటపడ్డాక కౌగిలించుకుని లాగాడు. రాయి కాస్త ఒరిగింది తప్ప లేవలేదు. గోళ్ళు చిట్లి సున్నం మీద నెత్తురంటింది.

"ఒక్క చెయ్యి వెయ్యండయ్యా, మీ కాళ్ళకి దణ్ణం పెడతా!"

అందరూ నేల చూపులే. అతనికి సిగ్గేసింది. సిగ్గుని మించిన దుఃఖం వచ్చి, ఆ రాయి మీదే తల పెట్టుకుని భోరుమన్నాడు.

అప్పుడు గుంపు వెనకనుంచి గరీబ్ వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి రాయి రెండో కొస పట్టుకున్నాడు.

"ఊఁ, ఎత్తు."

రాయి లేచింది. ఇద్దరూ నాలుగడుగులు నడిచి అవతల దించారు. తోల్బా తవ్వాడు. మోకాలి లోతున పారకి మసిబారిన రొట్టెల పొయ్యి తగిలింది. లోపల బూడిద ఇంకా ఉంది.

"ఎవరో మహాతల్లి వంటిల్లు," అని గొణిగి దాన్ని పగలగొట్టాడు. పెంకు ముక్క కోసం ఊరంతటితో తగువుపడిన మహ్రూస్ అటు చూడనైనా లేదు.

నఈమాని కొడుకు పక్కన పడుకోబెట్టారు. అందరితోపాటు గరీబ్ కూడా మూడు గుప్పిళ్ళ మట్టి వేశాడు. చేతులు దులుపుకుంటూ మహ్రూస్ దగ్గరికొచ్చి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"పదిమంది అన్నావు కదా కావలిదారు గారూ. ఇద్దరం సరిపోయాం."

జనమంతా ఊళ్ళోకి మళ్ళారు. గరీబ్ ఒక్కడే వాగు వైపు నడిచాడు.