రెండు వందల పది చుట్లు

నూట నలభై ఆరు, నూట నలభై ఏడు. కాయిలక్క పెదవులు కదలవు, లెక్క గొంతులోనే నడుస్తుంది. ఎడమ చేతిలో అంచుల వెంట గాట్లు పెట్టిన అభ్రకం రేకు, కుడి చేతిలో వెంట్రుక కంటే కాస్త లావు నిక్రోమ్ తీగ. ఇస్త్రీపెట్టె లోపల వేడెక్కేది ఈ తీగే. రేకుకి రెండు వందల పది చుట్లు పడాలి. ఇరవై రెండేళ్లుగా ఆమె చేసే పని ఇదే, కాయిల్ చుట్టే అక్క కనక అందరికీ కాయిలక్క. ఇంటికెళ్లినా లెక్క వదలదు. ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యమంటావని మొగుడు అడిగితే ఓసారి నూట పదమూడు అంది. రంగులు వేస్తూ నిచ్చెన మీంచి పడి కాలు పోగొట్టుకున్న మనిషి, వంటంతా ఆయనదే. "ఏదో ఒకరోజు నన్నూ రేకుకి చుట్టేస్తావే" అని నవ్వాడు.

ఈ వారం ఇంట్లో నవ్వుల్లేవు. ఆమె పనిచేసే షెడ్డుకి తీగ చుట్టే మెషిన్ వస్తోంది. ఆరుగురు ఆడవాళ్లలో అయిదుగురికి సెలవు. మిగిలేది చుట్టిన ముక్కల్ని కొలిచే మీటరు కుర్చీ ఒక్కటే. అందులో కూర్చునే ముసలాయన, షెడ్డులో అందరూ తాత అనేవాళ్లు, పదిరోజుల క్రితం పోయాడు. ఇవాళ పది నుంచి నువ్వు కూర్చుని చూడమ్మా, కుదిరితే ఆ కుర్చీ నీదే అన్నాడు యజమాని. ఆమెకు యాభై మూడేళ్లు, కళ్లు మసకేసి నాలుగేళ్లయింది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. ఈ కుర్చీ పోతే ఇంకెక్కడా పని దొరకదని ఆమెకు బాగా తెలుసు.

పనిలో చేరిన కొత్తలో తాత చెప్పిన పాఠం ఆమెకింకా కంఠతా వచ్చు. తీగ పొడుగైతే కరెంటుకి అడ్డం ఎక్కువ, పెట్టె వేడెక్కదు. పొట్టిదైతే అడ్డం తక్కువ, కరెంటు ఎగబడుతుంది, బట్టలు మాడతాయి. ఆ అడ్డాన్ని ఓంలలో కొలుస్తారు. యాభై నుంచి యాభై నాలుగు లోపు ఉంటే మంచి ముక్క. కాయిలక్క ముక్కలు ఎప్పుడూ యాభై రెండే.

తాతకో అలవాటుండేది. కూర్చోగానే మీటరు వైర్ల కొసలు రెండూ ఒకదానికొకటి ఆనించి, చిన్న చక్రం అటూ ఇటూ తిప్పి, అప్పుడు ముక్క అందుకునేవాడు. తాత వైర్లకి ముద్దులు పెట్టిస్తున్నాడని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆయనా నవ్వేవాడు తప్ప ఎందుకో చెప్పలేదు. కాయిలక్క దాన్ని ముసలితనపు చాదస్తమనుకుంది. పోయిన మనిషి చాదస్తాన్ని తను చేస్తే వెక్కిరించినట్టుంటుందని, ఆ కుర్చీలో కూర్చుని కొసలు నేరుగా తీగకే ఆనించింది.

ముల్లు అరవై దగ్గర ఆగింది.

పొద్దున తనే చుట్టిన ముక్క అది. ఇంకోటి చూసింది, అరవై. అయిదోదీ అంతే. మీటరు మీద అనుమానం రాలేదు. అద్దం, అంకెలు ఉన్న వస్తువు అబద్ధం చెబుతుందా? కళ్లు పోతున్నాయి కాబట్టి లెక్క కూడా పోయిందనుకుంది. ఎన్నేళ్ల నుంచో చుట్లు ఎక్కువ పడుతున్నాయేమో, తాతే జాలిపడి కప్పిపుచ్చాడేమో అనుకుంది. సిగ్గుతో ఎవరినీ అడగలేదు. ముల్లు యాభై రెండుకి వచ్చేదాకా చుట్లు విప్పి కత్తిరించింది. ముక్కకి ఇరవై ఎనిమిది చుట్లు పోయాయి. తాత పోయాక కొలవకుండా మిగిలిన తన ముక్కల్లో భోజనాల వేళకి నలభై మూడు సరిచేసింది. ఈ చురుకుదనం చూసి యజమాని తల కూడా ఊపాడు.

మధ్యాహ్నం కొత్త మెషిన్ బిగించే మేస్త్రీ వచ్చి, ఊరికే ఉండలేక ఆమె సరిచేసిన ముక్క ఒకటి తీసుకున్నాడు. మీటరు కొసలు రెండూ ఆనించాడు, చక్రం తిప్పాడు, ముల్లు జరిగి సున్నా మీద నిలబడింది. అప్పుడు ముక్క కొలిచాడు. నలభై అయిదు.

"సున్నా పెట్టుకోలేదా అమ్మా?"

"సున్నా ఏంటి బాబూ?"

బ్యాటరీ నీరసించిన మీటరుని ముందు సున్నాకి తేకపోతే ఎక్కువ చూపిస్తుందని అతను నెమ్మదిగా చెప్పాడు. కత్తిరించని ముక్కలు ఆరు మిగిలితే అవీ కొలిచాడు. ఆరూ యాభై రెండు. ఒక్క చుట్టు తేడా లేదు. కాయిలక్క తన చేతులకేసి చూసుకుంది. అవి తప్పు చేయలేదు. తనే వాటిని నమ్మలేదు. కోప్పడటానికి ఎదురుగా ఇంకెవరూ లేకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

"అతికిస్తాను సార్, అన్నీ" అంది, అక్కడికొచ్చిన యజమానితో.

"అతుకు దగ్గరే కాలి తెగుతుంది. నీకు తెలియనిదా?" అన్నాడు యజమాని. కేకలు వేయలేదు. "రేపట్నించి రావద్దులే అమ్మా" అన్నాడు.

కింద రాలిన తీగ ముక్కలన్నీ ఊడ్చి ఎత్తింది. మిగతా వాళ్లు తలలు వంచుకుని చుడుతున్నారు, లెక్క తప్పుతుందని ఎవరూ పలకరించలేదు. రోజూ వెళ్లే వేళకే క్యారేజీ పట్టుకుని బయటికి నడిచింది.

మర్నాడు మెషిన్ కోసం బల్లలు జరిపితే, ఆమె స్టూలు కింద రబ్బరు చెప్పులు కనిపించాయి, కరెంటు దగ్గర పనని షెడ్డులో మాత్రం వేసుకునేవి. ఎడమ చెప్పుకి తెగిన పట్టీ నిక్రోమ్ తీగతో బిగించి ఉంది, ఇంకా చాలాకాలం తెగేట్టు లేదు.