ఐదువందల ఇరవై ఐదు రెట్లు

అట్టపెట్టె మీద అంత పెద్ద అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. 525 రెట్లు అని ఎర్రగా అచ్చువేశారు. పక్కన శనిగ్రహం బొమ్మ. మా ఆయన బిష్కెక్ బజారులో కొని, దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని మా జైలో మీదికి తెచ్చాడు. జైలో అంటే కొండ మీది పచ్చిక, వేసవంతా మేము గుర్రాలు మేపుకునేది ఇక్కడే.

"మిమ్మల్ని తెమ్మన్నది గుర్రాలు ఎక్కడున్నాయో చూసుకునే రెండు కళ్ళ దుర్భిణి కదా! ఈ టెలిస్కోపు ఎందుకు?" అన్నాను.

"దుర్భిణికి పది రెట్లేనే, కాలిపా. అదే ధరకి ఇది ఐదొందల ఇరవై ఐదు. నువ్వే చెప్పు, ఏది లాభం?"

"ఐదొందల రెట్లు ఊరికే ఎవడిస్తాడు?"

"సాక్షాత్తూ దేవుడే దిగొచ్చినా నువ్వు ముందు ఆయన సంచీ వెతుకుతావు" అన్నాడు.

వెతుకుతాను. అందులో తప్పేముంది? పెట్టెలోని కాగితం తీసి చదివాను. ముందున్న అద్దం వెడల్పు అరవై మిల్లీమీటర్లట. దానికి రెండింతలు, అంటే నూట ఇరవై రెట్ల వరకే బొమ్మ తేటగా నిలుస్తుందట. ఆపైన పెద్దదయ్యేది మసకే. అంటే ఆ ఎర్ర అంకెలో ముప్పాతిక వంతు నీళ్ళు కలిపిన పాలే. నేను చెప్తే వింటాడా? అన్నిటికన్నా ఎక్కువ రెట్లిచ్చే ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి బిగించి కన్ను పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"మంచు."

"ఎండ మాడుస్తుంటే మంచెక్కడిది?"

చివరికి 20 అని రాసి ఉన్న కంటి అద్దం నేనే పెట్టించాను. గొట్టానికి ఏడువందలని అంకె ఉంది, దాన్ని ఇరవైతో భాగిస్తే ముప్పై ఐదు రెట్లు. ఆ ముప్పై ఐదుకే ఏటి అవతలి గట్టు మా గుమ్మంలోకి వచ్చేసింది. మెడ విరగకుండా పైనుంచి వంగి చూసేందుకు గొట్టం చివర మోచెయ్యిలా వంగిన ముక్క ఒకటుంది, లోపల చిన్న అద్దంతో. ఇంకో పొట్టి గొట్టం మిగిలింది. దాని మీద 1.5 అని ఉంది. "ఒకటిన్నర రెట్లా? నా కళ్ళే నయం" అని మా ఆయన దాన్ని పెట్టెలోకి విసిరేశాడు.

ఏటి అవతల ఉండేది మా బావగారి గుడారం. ఆయన పేరు నేను పలకకూడదు, ఆయన మా ఆయనకు అన్న. మామగారు పోయాక అన్నదమ్ములు మంద పంచుకున్నారు కానీ ఇంటి గుర్తు పంచుకోలేదు. రెండు మందలకూ అదే వాత. తేడా ఒక్కటే: బావగారు కుడి తొడ మీద వేస్తారు, మేము ఎడమ తొడ మీద వేస్తాం. వారం కిందట మా జేగురు రంగు ఆడగుర్రం కనిపించకుండా పోయింది. పాలిచ్చే గుర్రం. వెతకని లోయ లేదు.

"కాలిపా! ఇటు రా!"

మా ఆయన గొంతు మారిపోయింది. వెళ్ళి కన్ను పెట్టాను. బావగారి మందలో జేగురు రంగు గుర్రం. ఎడమ తొడ మీద వాత.

"మనదే" అన్నాడు. "సొంత అన్న! రేపు వాళ్ళ గుడారంలో పులిసిన గుర్రప్పాల విందు, కుమిస్ విందు. పెద్దలందరూ వస్తారు. వాళ్ళ ముందే అడుగుతా."

"ముందు మీరొక్కరే వెళ్ళి అడగండి."

"ఒంటరిగా అడిగితే రాత్రికి రాత్రి కొండ దాటించేస్తాడు."

పదిమందిలో అన్నను దొంగ అన్నాక ఇక రెండు ఇళ్ళూ ఒకటి కావు. బావగారి భార్య జిపారక్క నాకు తోటికోడలే అయినా, పుట్టింట్లో లేని అక్కను ఆవిడలోనే చూసుకున్నాను. నా రెండు కాన్పులూ ఆవిడ చేతుల మీదే జరిగాయి. ఆవిణ్ణి పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? గుర్రం పోయిందని చెప్పినప్పుడు "తోడేళ్ళేమో" అని అక్క ఎందుకంత తొందరగా అంది? వారం వారం అడిగి తీసుకెళ్ళే జల్లెడ కోసం ఈసారి ఎందుకు రాలేదు? మొన్న ఏటి దగ్గర నా కళ్ళలోకి చూసిందా, లేదా? ఆలోచించినకొద్దీ ప్రతిదీ దొంగ చూపులాగే కనిపించింది. ఆవిడ పంపిన వెన్న కూడా నోరు మూయించడానికే పంపిందనిపించింది.

పొద్దున్నే మా ఆయన కొత్త టోపీ పెట్టుకుని ముందు బయలుదేరాడు. నేను విందుకి బోర్సోకులు, అంటే పిండి ముక్కలు, నూనెలో వేయించుకుని వెనక రావాలి. నూనె కాగేలోపు, ఆయన ఎంతవరకు వెళ్ళాడో చూద్దామని కన్ను పెట్టాను.

జిపారక్క కనిపించింది. ఆ జేగురు గుర్రం పక్కనే మోకాలు మీద బకెట్ పెట్టుకుని పాలు పితుకుతోంది, కుడివైపు కూర్చుని.

గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతాం, ఎడమవైపు నుంచే పితుకుతాం. కుడివైపు చెయ్యి పెట్టినవాళ్ళకు పళ్ళు మిగలవు. అక్క ఊహ తెలిసినప్పటి నుంచీ పితుకుతోంది. గుర్రమేమో తోక మావైపు పెట్టి, అది కూడా ఆడించకుండా నిలబడింది. ఈ గొట్టమే ఏదో అబద్ధమాడుతోంది.

గొట్టాన్ని మా గట్టు మీద మేస్తున్న మా గుర్రాల వైపు తిప్పాను. ఒక్కొక్కదాన్నీ చూశాను. అన్నిటికీ కుడి తొడ మీదే వాత! నేను గుర్రం తల పట్టుకుంటే మా ఆయన ఎడమ తొడ మీద వేసిన వాతలవి. ఆ వంకర ముక్క ఊడబీకి చూస్తే గుర్రాలు కాళ్ళు ఆకాశానికి పెట్టాయి. అప్పుడు ఆ పొట్టి గొట్టాన్ని, ఎవరికీ అక్కర్లేని ఒకటిన్నరను, నేరుగా బిగించాను. గుర్రాలు నేల మీద నిలబడ్డాయి. వాతలు ఎడమకు వచ్చాయి. మళ్ళీ ఏటి అవతలికి తిప్పాను. జిపారక్క ఎడమవైపు కూర్చుని ఉంది. గుర్రం మీది వాత కుడి తొడ మీద ఉంది.

పొయ్యి మీద నూనె అలాగే వదిలేసి గుర్రమెక్కాను. ఏరు దాటుతుంటే మోకాళ్ళ దాకా నీళ్ళు. అరిస్తే ఆ హోరులో నా గొంతు నాకే వినిపించలేదు.

నేను చేరేసరికి విందు ఆగిపోయి ఉంది. పెద్దలు వరసగా కూర్చున్నారు, కుమిస్ గిన్నెలు ఎవరి ముందువి వాళ్ళ ముందే ఉన్నాయి. మా ఆయన అనాల్సిందంతా అనేసినట్టున్నాడు. బావగారు ఆ జేగురు గుర్రాన్ని నడిపించుకొచ్చి అందరి ముందూ నిలబెట్టారు. అందరి కళ్ళూ దాని కుడి తొడ మీదే ఉన్నాయి.

"అన్నా, ఆ గొట్టంలో..." అన్నాడు మా ఆయన.

బావగారు తాడు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టారు.

"నీదన్నావుగా. తీసుకుపో."

"అన్నా, తప్పైపోయింది."

"దొంగసొత్తని నువ్వు పేరు పెట్టిన గుర్రం పాలు నా పిల్లలు తాగరు. తీసుకుపోరా."

"ఒరేయ్, అన్న ఇస్తే కాదనకు" అన్నాడు పెద్దాయన ఒమోర్ తాత. కాదంటే అది మరో అవమానం. మా ఆయన తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇక ఈ జైలో మీద మా మందలో కుడి వాత గుర్రం ఒకటి మేస్తుంది. దారినపోయే ప్రతివాడూ అది ఎవరిదని అడుగుతాడు.

నేను జిపారక్క దగ్గరికి వెళ్ళాను. గొట్టం సంగతి, అద్దం సంగతి, కుడి ఎడమల సంగతి గబగబా చెప్పుకుపోయాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"నువ్వూ చూశావా అందులోంచి?"

"చూశానక్కా."

"మేమే తీశామనుకున్నావా?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ బకెట్ కింద పెట్టి, పక్కన కట్టేసి ఉన్న ఆ జేగురు గుర్రం పిల్లను విప్పింది. దాని తాడు నా చేతికి చుట్టింది.

"దీన్నీ తీసుకెళ్ళు. పిల్ల పక్కన లేకపోతే అది పాలు చేపదు" అంది.