కోపానికి సున్నా

ఇరవై రెండేళ్లుగా నాచారంలో ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాను. మొదట్లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఎవడైనా హారన్ కొడితే ఒళ్లు మండేది. ఇప్పుడు మండే ఓపిక కూడా లేదు.

2008 ఎండాకాలంలో మానస అనే యూనివర్సిటీ అమ్మాయి మా షెడ్డుకొచ్చింది. డ్రైవర్ల కోపాన్ని కొలుస్తుందట. కోపానికీ యాక్సిడెంట్లకూ ఏం లంకె ఉందో చూస్తుందట. మనిషికో కాగితం, ముప్పై ప్రశ్నలు. ముందు బండి సైడ్ ఇవ్వకపోతే ఎంత కోపమొస్తుంది? సున్నా నుంచి నాలుగు దాకా టిక్కు పెట్టాలి.

"ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకు డబుల్ డ్యూటీ వెయ్యొద్దని మీ మేనేజర్‌కు రాస్తాను, పరంధామయ్య గారూ" అంది.

పేరు రాయమన్నాక ఎవరు నమ్ముతారు? డ్యూటీ తగ్గిస్తారంటే మాకు తెలిసిన అర్థం ఒకటే, ఇంటికి పంపిస్తారని. మా షెడ్డుకు ఏ కాగితం వచ్చినా పెద్దవాణ్ణని నేనే నింపుతాను, మిగతావాళ్లు సంతకం పెడతారు. ఇదీ అట్లాగే నింపాను.

నాతోటి డ్రైవర్ ఉమామహేశ్వర్ మాత్రం నిజం చెప్పాడు. "లారీవోడు సైడియ్యకపోతే ఎంటపడ్తనే అన్నా. దొరికేదాంక ఇడువ."

"నోర్మూస్కోరా, ఇద్దరు పిల్లలున్నరు నీకు" అని ముప్పైకి ముప్పై సున్నాలు పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

నెల తిరక్కుండానే, రాత్రి షిఫ్టు దిగకుండా పొద్దున ట్రిప్పు కూడా వాడికే వేశారు. మేడిపల్లి వైపు నుంచి వస్తూ సైడ్ ఇవ్వని లారీని తరిమాడు. సైకిల్ మీద పనికి పోతున్న నర్సయ్య అనే పెద్దమనిషి వాడి బస్సు టైరు కింద పడి చనిపోయాడు.

స్టేషన్‌కు పోయేసరికి ఉమామహేశ్వర్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"అన్నా, గా మేడం కాగితం జర తెప్పియ్యరాదే. నాకు కోపమే లేదని అండ్ల ఉన్నది గద. ఎస్సై సార్‌కు సూపిద్దాం."

నిజంగానే ఆశపడుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అది నేను రాసింది రా. నువ్వు జెప్పింది రాసుంటే, ఇయ్యాల నీకు పొద్దుటి ట్రిప్పు పడకపోతుండె."

తిడతాడేమో, కొడతాడేమో, ఏదైనా పడదామని అక్కడే నిలబడ్డాను. వాడు మెల్లగా మళ్లీ బెంచీ మీద కూర్చుని, నాకు కూడా కాస్త జరిగి చోటిచ్చాడు.