అతిశయోక్తి తర్వాతి పాఠం

త్రినాథరావు గారు రికార్డింగుకు కూర్చున్నారంటే ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ఫ్యాను ఆపేయాలి, కుక్కరు దించేయాలి, కొత్తపేట రైతుబజారు వైపున్న కిటికీ మూసేయాలి. అక్కడికేదో రేడియో స్టేషను నడుపుతున్నట్టు! చేసేదల్లా వాట్సాప్‌లో వేలు నొక్కిపట్టి తెలుగు పాఠం చెప్పడం. రిటైరైన తెలుగు మాస్టారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చూపులేని కుర్రాళ్లు అయిదుగురు టీచరు పరీక్షకు చదువుతున్నారని తెలిసి, వాళ్ల కోసం అలంకారాలన్నీ వరసగా చెప్పి మహిపాల్ అనే కుర్రాడి ఫోనుకు పంపేవారు. ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం అయిపోయాయి. అతిశయోక్తి దగ్గర ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు కొంప ముంచారు.

"ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం అతిశయోక్తి. ఉదాహరణకు..." అని ఆయన గొంతు సవరించుకునేలోగా వంటింట్లోంచి వినపడింది.

"ఉదాహరణకు, మా ఆయన ఒక్క నిమిషంలో వస్తానన్నారు. కాఫీ మూడుసార్లు వేడిచేశాను!"

ఆయనకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరిచారు. ఆ అరుపులో వేలు జారి, ఆ ముక్క కాస్తా మహిపాల్‌కు వెళ్లిపోయింది. గాభరాగా చెరిపేసి, మంచి పద్యం ఉదాహరణగా పెట్టి పాఠం మళ్లీ చెప్పి పంపారు. ఆ తర్వాత రికార్డింగు వేళల్లో కోటేశ్వరమ్మ గారు మళ్లీ నోరెత్తితే ఒట్టు.

మూడు వారాలు తిరక్కుండానే ఆవిడకు గుండెనొప్పి వచ్చింది. ఎల్బీనగర్‌లో ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది.

ఇప్పటికి మూడు నెలలు. ఆయన ఫోనులో ఆమె ఫోటోలు నాలుగొందలున్నాయి. గొంతు ఒక్కటీ లేదు. పాఠాలన్నీ మొదటినుంచీ పెట్టుకుని విన్నారు, ఎక్కడైనా ఒక దగ్గు, ఒక గాజుల చప్పుడు దొరక్కపోతుందా అని. ఎలా దొరుకుతుంది? అంత బాగా నోరు మూయించాడు మహానుభావుడు! ఆ గొంతు ఒక్కసారి వినాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. కోరుకున్న నిశ్శబ్దం ఇప్పుడు ఇల్లంతా ఉంది. అందులో కూర్చుంటే మాట పెగలడం లేదు.

తర్వాతి పాఠం స్వభావోక్తి. "సార్, ఎప్పుడు పంపుతరు? పరీక్ష నెలరోజులే ఉన్నది" అని మహిపాల్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఇక దాటవేయడానికి ముఖం చెల్లక, ఇంకెవరినైనా చూసుకోండని చెప్పేద్దామని ఆయనే షేర్ ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు.

హాస్టలు గది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారో లేదో, లోపల్నుంచి కేక.

"అరే, సార్ ఒచ్చిండ్రు!" మహిపాల్ తడుముకుంటూ లేచి కుర్చీ జరిపాడు. "కూసోండ్రి సార్. అమ్మ బాగున్నదా?"

"ఏ అమ్మ?"

"అతిశయోక్తి అమ్మ, సార్!"

అయిదుగురూ పకపకా నవ్వారు. "మీరు చెప్పిన పద్యం ఎవ్వరికి యాదిలేదు. అమ్మ చెప్పింది మాత్రం అందరికి నోటికొచ్చు. ఎవడన్న లేటుగొస్తే, 'కాఫీ మూడుసార్లు వేడిచేసిన రా' అంటం."

త్రినాథరావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అది నేను చెరిపేశాను కదయ్యా."

"మీ ఫోన్ల చెరిపిండ్రేమో. నా దగ్గర ఉన్నది."

మహిపాల్ ఫోను నొక్కాడు. పాఠాలు రెట్టింపు వేగంతో వినడం వాళ్లకు అలవాటు. కోటేశ్వరమ్మ గొంతు గబగబా వచ్చి, పట్టుకునేలోగా వెళ్లిపోయింది.

"కొంచెం... నెమ్మదిగా పెట్టు నాయనా."

ఈసారి నెమ్మదిగా వచ్చింది. ఒక్క నిమిషం అన్నచోట ఆ సాగతీత, చివర్లో ఆపుకున్న నవ్వు. ఆ వెనకే ఇంకో గొంతు, పెద్దగా: "నోరు మూసుకో!"

అది తనదే.

"గా పాఠం తర్వాత అమ్మ గొంతే వినబడ్తలేదు సార్. అలిగిందా ఏంది?" అన్నాడు మహిపాల్, నవ్వుతూనే.

ఆయన మానేస్తానని చెప్పాలని వచ్చింది కూడా చెప్పలేదు. ఆ ముక్క తన ఫోనుకు పంపించుకుని, పని ఉందని లేచి వచ్చేశారు.

ఇంటికొచ్చి కాఫీ కలుపుకుని ఫోను ముందు కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి టమాటాల వాళ్ల అరుపులు వస్తున్నాయి. వేలు నొక్కిపట్టారు.

"ఉన్నదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెప్పడం స్వభావోక్తి. ఉదాహరణకు... కోటేశ్వరమ్మ పోయి మూడు నెలలైంది. ఆవిడ అలగలేదు బాబూ. నేనే నోరు మూసుకోమన్నాను. ఇప్పుడు నాతో మాట్లాడేవాళ్లు లేరు."

వేలు తీశారు.

మహిపాల్ జవాబు కూడా గొంతుతోనే వచ్చింది. అతని వెనక ఎవరూ నవ్వడం లేదు.

"సార్, గీ ఉదాహరణ పరీక్షల చెప్పం. మా దగ్గరనే ఉంచుకుంటం."

త్రినాథరావు గారు చీకటిపడేదాకా కోటేశ్వరమ్మ గొంతు మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నారు. ప్రతిసారీ తన అరుపు కూడా విన్నారు. పక్కన కాఫీ చల్లారిపోయింది. లేచి వెళ్లి తనే వేడి చేసుకున్నారు.