చీపురుపుల్ల ముక్కుపుడక

వీరాంజనేయులు చీరాలలో యాభై ఏళ్ళు కంసాలి పని చేశాడు. కళ్ళు మసకబారాక కుంపటి ఆర్పేశాడు. ఆర్పే ముందు ఆఖరుగా ఒక వస్తువు చేశాడు, మనవరాలు స్పందనకు ఒంటిరాయి ముక్కుపుడక. అప్పటికి ఆ పిల్ల ముక్కు కుట్టించుకోనేలేదు. వస్తువంటూ ఉంటే ముక్కు అదే వస్తుందని ఆయన ధైర్యం.

దాన్ని దూదిలో చుట్టి, బనీను జేబులో పెట్టుకుని, అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉన్న కూతురు ఉజ్వల ఇంటికి వచ్చాడు. వచ్చిన నాలుగు నెలలకు, జనవరి మంచులో, స్పందన తనంతట తానే కాలేజీ ఊళ్ళో పచ్చబొట్ల దుకాణానికి వెళ్ళి ముక్కు కుట్టించుకు వచ్చింది. ఉజ్వల రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు స్నేహితురాలు దమయంతి చూసి "ఎంత ట్రెడిషనల్‌గా ఉందే!" అంది. అప్పటినుంచి ఆ ఆలోచన ఉజ్వలదే అయింది.

వీరాంజనేయులు పుడక తీసి మనవరాలి చేతిలో పెట్టాడు.

"మూడు అమావాస్యలు పోయాక," అన్నాడు.

పచ్చిపుండులో పుడక మార్చకూడదు. ముప్పై ఏళ్ళ కిందట ఒక పెళ్ళివారి తొందరకు లొంగి ఆయన ఈ నియమం తప్పాడు. ఫోటోలో పెళ్ళికూతురి ముక్కు వంకాయలా పడింది. వాళ్ళు ఆ ఫోటో గోడకు తగిలించలేదు. ఆయన్ని మళ్ళీ పిలవనూ లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన తిరుగు టిక్కెట్టు మార్చి మొదటి ఆదివారానికి ఉంది. అప్పటికి ఒక్క అమావాస్యే పోతుంది. తన చేతి ఆఖరి పని మనిషి ముఖాన ఎలా ఉంటుందో చూడకుండానే విమానం ఎక్కాలి.

ఎల్లుండి ప్రయాణమనగా శుక్రవారం అన్నాల దగ్గర ఉజ్వల కదిపింది.

"నాన్నా, రేపు లంచ్‌కి దమయంతి వాళ్ళొస్తున్నారు. అందరి ముందూ నువ్వే మార్చెయ్. నేను వీడియో తీస్తా."

"మానలేదు."

"సిక్స్ వీక్స్ అయింది నాన్నా!"

"మానలేదు."

"మరి నీకు చూసుకోవాలని లేదా?"

వీరాంజనేయులు పప్పులో అన్నం కలుపుకున్నాడు. ఎంత ఉందో చెప్పాలంటే చాలా మాటలు కావాలి. ఆయన దగ్గర అన్ని లేవు.

స్పందన తాత ముఖం వంక చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

శనివారం పొద్దున ఆ పిల్ల బాత్‌రూమ్‌లోంచి ముక్కు మూసుకుని వచ్చింది. వేళ్ళ సందున కాస్త నెత్తురు.

"తాతయ్యా, డోంట్ బీ మ్యాడ్. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"ఎంతసేపైంది తీసి?"

"హాఫ్ అవర్. నువ్విచ్చింది లోపలికి వెళ్ళట్లేదు. పాతది పెట్టేద్దామంటే అదీ వెళ్ళట్లేదు ఇప్పుడు. క్లోజ్ అయిపోతుందా?"

"సాయంత్రానికి పూడిపోతుంది."

ఆయన తన పుడక తీసుకుని, దాని కాడను బొటనవేలితో ఒక్కసారి తడిమాడు. విషయం తెలిసిపోయింది. చీరాలలో ఆయన బంగారు తీగతో కుట్టే ముక్కులకు సరిపోయే లావు అది. ఇక్కడివాడు సన్నటి సూదితో కుట్టాడు. తప్పు పిల్లది కాదు, కాడది. కాడ చేసింది ఎవరో ఆయనకు బాగా తెలుసు.

"ఉజ్వలా, చీపురేదీ?"

"ఇప్పుడు చీపురెందుకు నాన్నా? వాక్యూమ్ ఉందిగా."

"కొబ్బరి చీపురు."

గరాజ్‌లో ఉంది. వెనక డెక్ ఊడుద్దామని ఇండియన్ స్టోర్‌లో కొన్నారు. కొన్నాక మంచు పడింది, లేబుల్ కూడా ఊడలేదు. వీరాంజనేయులు పుల్లలన్నీ తడిమి సన్నటిదొకటి విరిచాడు. చాకుతో నున్నగా గీకాడు. పదినిమిషాలు మరగబెట్టాడు. రెండుసార్లు చేతులు కడుక్కుని, కొనకు కొబ్బరినూనె రాశాడు.

"కూర్చో. పైకి చూడు. ఊపిరి పీల్చు."

పిల్ల పీల్చింది. పుల్ల దిగింది. వేలి మందాన వదిలి మిగతాది కత్తిరించాడు. బీద ఇళ్ళలో బంగారం సమకూడేదాకా ఆడపిల్లల ముక్కుచెవులను కాపాడేది చీపురుపుల్లే. ఈ సంగతి పిల్లకు చెప్పలేదు.

పిల్ల అద్దంలో చూసుకుంది. "తాతయ్యా, ఇది బ్రూమ్ కదా?"

"కొత్తది."

పన్నెండింటికి అతిథులొచ్చారు. దమయంతి గుమ్మంలోనే స్పందనను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదేమిటే, వుడెన్ జ్యువెలరీనా? సో ఆర్గానిక్! ఎక్కడ ఆర్డర్ చేశావ్?"

ఉజ్వల వంటింట్లోకి తప్పుకుంది.

"హ్యాండ్‌మేడ్ ఆంటీ."

"వెబ్‌సైట్ పంపవే. మా అమ్మాయి రేణుకి కూడా తీసుకుంటా."

"వెబ్‌సైట్ లేదు ఆంటీ. లిమిటెడ్ ఎడిషన్."

వీరాంజనేయులు ఇంకాస్త పులిహోర వడ్డించుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక తాతను కారెక్కించుకుని స్పందన పచ్చబొట్ల దుకాణానికి డ్రైవ్ చేసింది. అక్కడి మనిషికి మెడ దాకా బొమ్మలే. చేతి మీద ఒక చేప, మోచేతి దగ్గర దాన్ని మింగే ఇంకో చేప. అతను దీపం దించి పుల్లను చాలాసేపు చూశాడు. ఎవరు పెట్టారని అడిగాడు. స్పందన తాతను చూపించింది. వీరాంజనేయులు తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు.

అతను తిట్టలేదు. తొడుగులేసుకుని పుల్ల వెనకే దుకాణంలోని కొత్త పుడకను తోసుకుంటూ వచ్చాడు. పుల్ల చివర బయటికి వచ్చేసరికి పుడక లోపల ఉంది. నెత్తురు చుక్క రాలేదు.

"పనివాడు," అన్నాడు వీరాంజనేయులు.

"ఏమంటున్నారు?" అని అతను ఇంగ్లీషులో అడిగాడు. స్పందన చెప్పింది. అతను చేపలున్న చెయ్యి చాపాడు. వీరాంజనేయులు పట్టుకుని చూశాడు. బొటనవేలికి కాయ కాచి ఉంది.

"ఫోర్ మంత్స్ దాకా టచ్ చెయ్యొద్దట తాతయ్యా."

"మా ఊళ్ళో మూడు. ఇక్కడ మంచు, జలుబు. నాలుగు సరే." ఆయన దూదిలోంచి తన పుడక తీశాడు. "ఆకురాయి ఉందేమో అడుగు."

ఆకురాయంటే స్పందనకు తెలియదు. ఆయన గోటి మీద వేలు రాపాడించి చూపించాడు. పనివాడికి పిల్లకంటే ముందు అర్థమైంది. సొరుగులోంచి సన్నటి ఆకురాయి తీసిచ్చి, తన కుర్చీ ఖాళీ చేశాడు.

ఆయన కింద కాగితం పరిచి కూర్చున్నాడు. కళ్ళతో పని లేదు, మూసుకున్నాడు. రెండుసార్లు రుద్దడం, బొటనవేలితో ఒకసారి తడమడం. స్పందన వెంట తెచ్చిన పాత పుడకను పక్కన పెట్టుకుని తన పుడక కాడను దాని లావుకు దించాడు. ముప్పావు గంట పట్టింది. ఈలోపు వచ్చినవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. దుకాణం మనిషి వాళ్ళను ఆగమన్నాడు.

చివర కాగితంలో రాలిన బంగారు పొడిని పొట్లం కట్టి బల్ల మీద పెట్టాడు. ఒకరి బల్ల వాడుకున్నాక ఉత్త చేతులతో లేవకూడదు.

మర్నాడు విమానం ఎక్కాడు. తన పుడకను పిల్ల ముక్కున చూడలేదు.

జులై మొదటివారంలో చీరాలకు ఫోటో వచ్చింది. ఫోన్‌లో ఎలా పెద్దది చేయాలో పక్కింటివాళ్ళు చూపించారు. ముక్కుకు కుడివైపున రాయి మెరుస్తోంది. వీరాంజనేయులు దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాడు. రాయిని పట్టుకున్న నాలుగు గోళ్ళలో ఒకటి కాస్త వంకరగా ఉంది. కళ్ళు మసకబారినప్పటి పని మరి. ఆ కుర్చీలో కళ్ళు మూసుకుని చేసిన కాడ మాత్రం బాగా కుదిరింది. కుదిరినది లోపలుంటుంది, ఫోటోలో పడదు.

అమెరికాకు ఫోన్ చేశాడు.

"నొప్పి ఉందా?"

"లేదు తాతయ్యా. ఈజీగా వెళ్ళిపోయింది. ఫస్ట్ ట్రైలోనే!"

"సరే," అని పెట్టేశాడు. తర్వాత మళ్ళీ ఫోటో తెరిచాడు.