జీపులో ముందు సీటు

నది పొంగి పాత వంతెనను ఎత్తుకుపోయిన మరుసటి ఏడు జరిగిందిది. కొత్త దారి వేయడానికి చైనా వాళ్ళు మా కిర్గిజ్ కొండల్లోకి వచ్చారు.

ఇషెన్ అంతకుముందు సరిహద్దు అవతల కష్గర్ బజారులో మూటలు మోసి బతికాడు. అక్కడే చైనా భాష పట్టుబడింది. ఆ భాష దేనికని ఊళ్ళో అందరూ నవ్వారు. ఇప్పుడు చైనా వాళ్ళకి దుబాసీగా అతనిది జీపులో ముందు సీటు. నవ్వినవాళ్ళు ఎండలో రాళ్ళెత్తుతున్నారు.

వాళ్ళలో తోక్తోసున్ కొడుకు కనీబెక్ ఒకడు. రొట్టె తినే వేళ ఇషెన్ పక్కన చేరి నాలుగు చైనా మాటలు నేర్చుకునేవాడు.

"ఇంకో చలికాలం పోనీ అన్నా, నీ సీటుకి ఎసరు పెడతా."

"ముందు పార పట్టుకోవడం నేర్చుకో" అనేవాడు ఇషెన్.

ఆ రోజు పొద్దున కొండచరియ విరిగింది. కనీబెక్ దాని కింద పోయాడు. అతన్ని తీసి గుడారంలో పడుకోబెట్టారో లేదో, తోక్తోసున్ గుర్రం మీద వస్తూ కనిపించాడు. ఆయనకేమీ తెలియదు. కొడుకు కోసం తోలు సంచీ నిండా కుమిస్, పులిసిన గుర్రప్పాలు, తెచ్చాడు.

"తండ్రికి చెప్పాలి. నేను చెప్తాను, నువ్వు నా మాట ఆయన భాషలో పెట్టు" అన్నాడు చైనా మేస్త్రీ లియాంగ్. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాలో ఇలా చెప్పరయ్యా. పెద్దలు ఇంటికి వెళ్ళి చుట్టూ కూర్చుంటారు. ఏవేవో మాట్లాడి మెల్లగా అక్కడికొస్తారు. ఒంటరిగా ఉన్న మనిషికి దారిలో నిలబెట్టి చెప్పకూడదు."

"తండ్రి దగ్గర దాచడం మాలో పాపం. నేనన్నది అన్నట్టు చెప్పడానికే నిన్ను పెట్టుకున్నాను. లేకపోతే ఈ పని నీది కాదు."

తోక్తోసున్ గుర్రం దిగాడు. లియాంగ్ టోపీ తీసి, ఆయన ముందు నిలబడి, నెమ్మదిగా చెప్పాడు.

"ఏమంటున్నాడు అబ్బాయ్?"

ఇషెన్ గుడారం వైపు చూడలేదు.

"నీ కొడుకు మంచి పనివాడంటున్నాడు బాబాయ్."

తోక్తోసున్ మొహం విప్పారింది. "మరి ఎవరి కొడుకనుకున్నాడు?" అని నవ్వి, గిన్నెలో కుమిస్ పోసి లియాంగ్‌కి అందించాడు. లియాంగ్ రెండు చేతులా అందుకున్నాడు. తాగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏడుస్తాడేం?"

"పులుపు అలవాటు లేదు."

తోక్తోసున్ ఇంకా గట్టిగా నవ్వాడు. ఇదేమిటన్నట్టు లియాంగ్ చూస్తే, దుఃఖాన్ని నవ్వుతో దాచడం తమ పద్ధతని ఇషెన్ చైనా భాషలో చెప్పాడు. కనీబెక్ కొండ అవతల పనిలో ఉన్నాడని, సాయంత్రం వాడే ఇంటికొస్తాడని చెప్పి ఇషెన్ ఆయన్ని పంపేశాడు.

సాయంత్రం పెద్దలు వెళ్ళారు. గుర్రాల గురించి, గడ్డి గురించి మాట్లాడారు. మంద నుంచి తప్పిపోయిన గుర్రప్పిల్ల మాట వచ్చేసరికి తోక్తోసున్‌కి అర్థమైంది. లోపల ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. ఆయన గుమ్మం దగ్గరున్న ఇషెన్‌ని చూశాడు.

"మన పద్ధతి తప్పలేదు. నిన్నేమీ అనను. కానీ నా కొడుకు పక్క గుడారంలో పడుకుని ఉంటే, నేను ఇవతల నిలబడి నవ్వాను. ఆ చైనా వాడు ఏడ్చాడు."

ఇషెన్ చీకట్లో ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున అతను జీపెక్కలేదు. ఇంట్లోంచి పార తీసుకుని, కనీబెక్‌కి గొయ్యి తవ్వేవాళ్ళలో చేరాడు. కాసేపటికి లియాంగ్ వచ్చి, గట్టు మీద నిలబడి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నారు పక్కవాళ్ళు.

"నాకు తెలీదు" అని ఇషెన్ తవ్వుతూనే ఉన్నాడు.